గడప దగ్గర ఆగిపోయిన కాళ్ళు

ఈ రాత నాదే. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయంటే అది కాగితం పొదుపు కాదు, నా జబ్బు. వరస మొదట్లో బాగానే పెద్దగా రాస్తాను, చివరికొచ్చేసరికి చిన్నవైపోతాయి. మా కోడలు పద్మ తిరగరాసి పెడతానంది కాబట్టి చదివేవాళ్ళకి బాధ లేదు. నేను చదివింది ఐదో తరగతి వరకే, తప్పులు దిద్దే పని కూడా తనదే. ఇదంతా జరిగి ఆరేళ్ళయింది. రాస్తే నా మనసు కుదుటపడుతుందనీ, ఇలాంటి జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకి కాస్త పనికొస్తుందనీ మొదలుపెట్టాను.

మాది వినుకొండకి దగ్గర్లో ఒక పల్లె. మిరప, పత్తి వేస్తాం. ఇంట్లో మా ఆయన, కొడుకు శ్రీను, పద్మ, నేను. నోరుగల మనిషినని ఊళ్ళో నాకు పేరుంది. అందులో అబద్ధమేమీ లేదు.

1998, చలికాలం

మొదట తగ్గింది నా ముగ్గు. ధనుర్మాసంలో పదిహేను చుక్కల ముగ్గు ఆడుతూ పాడుతూ వేసేదాన్ని. ఆ ఏడు పొద్దున్నే వంగి చుక్కలు పెడుతుంటే మొదటి వరసకీ చివరి వరసకీ పొంతన లేదు. చుక్కలన్నీ దగ్గరికి జరిగిపోయి, వాకిలి నిండాల్సిన ముగ్గు చాటంత అయింది.

"ముగ్గుపిండి దాస్తున్నారా అత్తయ్యా? డబ్బా నిండా ఉందిగా," అని పద్మ నవ్వింది.

"నాకు నడుం నొప్పి. పెద్ద ముగ్గు కావాలంటే నువ్వే వేసుకో," అన్నాను.

తర్వాత మిరపకాయల తొడిమలు తీసే దగ్గర పట్టుబడ్డాను. నలుగురం కూర్చుని తీస్తుంటే అందరి గంపలూ నిండుతున్నాయి, నాది సగమే. తీయడం ఆపినా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఆగడం లేదు. దీపానికి వత్తి చేస్తున్నట్టు వాటంతటవే రుద్దుకుంటున్నాయి.

చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట, పత్తికి కొట్టే పురుగుమందు తలకెక్కిందని. నేను మందు కొట్టింది లేదు, కొట్టేవాళ్ళకి నీళ్ళు మోసేదాన్ని. అయినా సరే, పొలం వైపు పోవద్దన్నారు. పొలం మానేస్తే వణుకు పోతుందనుకున్నాం. నెలలు గడిచినా పోలేదు.

1999, వేసవి

శ్రీను పట్టుబట్టి గుంటూరు పంపించాడు. బ్రాడీపేటలో నరాల డాక్టరు గారి దగ్గర బెంచీలు చాలక జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. టోకెన్ తీసుకుని నేనూ మా ఆయనా ఒక మూల చేరాం. ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నాడు. ముఖంలో ఏ కదలికా లేదు, రెప్ప వేయడం కూడా అరుదే. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో వత్తి చేస్తోంది. నేను నా చెయ్యి చూసుకున్నాను. రెండు చేతులూ ఒకే పనిలో ఉన్నాయి. డాక్టరు చెప్పకముందే నేనేమవుతానో ఆ బెంచీ మీద చూసేశాను. గబగబా చెయ్యి కొంగులో దాచుకున్నాను.

ఆయన భార్య అది గమనించినట్టుంది, జరిగి పక్కన చోటిచ్చింది. పొన్నూరు నుంచి వచ్చారట. తెచ్చుకున్న మజ్జిగ నాకూ పోసింది, కానీ గ్లాసులో సగానికే.

"నిండా పోస్తే తొణుకుద్దండీ. మా ఆయనకీ ఇంతే పోస్తాను. కావాలంటే ఇంకోసారి తాగొచ్చు," అంది.

ఆ సగం గ్లాసు నేను మర్చిపోలేను. నా చెయ్యి గురించి ఒక్క మాట అడగకుండా నా పరువు కాపాడిన మనిషి. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది.

"ఈయన చదునుగా ఉన్న చోట నాలుగడుగులు వేయలేరండీ. మెట్లు మాత్రం చకచకా ఎక్కేస్తారు. ఇప్పుడూ అట్టాగే ఎక్కొచ్చారు."

పైకి "అలాగా అండీ" అన్నాను. లోపల మాత్రం, ఈ ముసలాయన పెళ్ళాన్ని భలే ఆడిస్తున్నాడు అనుకున్నాను.

డాక్టరు గారు నన్ను నడిపించి, వేళ్ళు తట్టించి, చేతులు వంచి చూసి పార్కిన్సన్స్ అన్నారు. మా ఆయనకి ఆ పేరు నోరు తిరగలేదు.

"ఎప్పటికి తగ్గుద్దండీ?" అని అడిగారు.

"పూర్తిగా తగ్గే జబ్బు కాదండీ. అదుపులో పెట్టుకోవాలి. వేళకి మాత్రలు, రోజూ నడక."

మా ఆయన కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

2000, ఉగాది నుంచి శ్రావణం దాకా

మాత్రలతో చెయ్యి కొంత నెమ్మదించింది. అంతలో కాళ్ళు మొండికేశాయి. ఒక పొద్దున వంటింట్లోంచి నడుచుకుంటూ వచ్చి వీధి గుమ్మం ముందు నిలబడిపోయాను. పాదాలు నేలకి అతుక్కుపోయాయి. నడుం ముందుకు పోతోంది, కాళ్ళు రావడం లేదు. గడప అవతల నా చెప్పులు కనిపిస్తున్నాయి. పడతాననుకుని కాదు, మనిషిని ఇలా నిలబెట్టేసే జబ్బు ఉంటుందా అని బిత్తరపోయాను.

"ఎవరి కోసం చూస్తున్నారత్తయ్యా?" అంది పద్మ వెనక నుంచి.

"కాలు రావట్లేదే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పట్నుంచి రోజూ అంతే. హాలంతా తిరుగుతాను, గుమ్మం కనిపించగానే ఆగిపోతాను. మా ఆయన దాన్ని బాగా గమనించి ఒక లెక్కకొచ్చారు. ఇల్లంతా తిరిగే మనిషి గుమ్మం దగ్గరే ఆగుతోందంటే దోషం గుమ్మానిదే. ఆ రోజుల్లో మా వైపు వాస్తు పిచ్చి అంతా ఇంతా కాదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ప్రహరీగోడ పడగొట్టేవాళ్ళు. సిద్ధాంతి గారు టేపు పట్టుకుని వచ్చి, వాకిలి కొలిచి, తల పంకించారు.

"ఆగేది అమ్మగారి కాళ్ళు కాదండీ. మీ సింహద్వారం ఉండాల్సిన చోట లేదు. మూడడుగులు ఈశాన్యానికి జరపండి, అమ్మగారు లేడిపిల్లలా తిరుగుతారు."

నేనూ నమ్మాను, దాచడమెందుకు. జబ్బు నాలో ఉండడం కంటే గోడలో ఉండడం హాయి కదా.

మా మామగారు కట్టించిన గోడ పగలగొట్టారు. టేకు ద్వారబంధం ఊడదీసి మూడడుగులు అవతల నిలబెట్టారు. శ్రావణంలో మంచిరోజు చూసి గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, ఊరందరినీ పిలిచారు. ఇంటావిడని కాబట్టి పాలచెంబుతో కుడికాలు ముందుపెట్టి నేనే లోపలికి రావాలి. వాకిట్లో నుంచి బాగానే నడిచాను. గడపకి జానెడు దూరంలో ఆగిపోయాను.

"కుడికాలు, కుడికాలు," అని ఎవరో అందించారు. ఇంకెవరో "తొందరగా, వర్జ్యం వస్తోంది," అన్నారు. అందరూ ఒక్కసారే అరుస్తుంటే కాళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. మా ఆయన ముఖం ఎర్రబడింది. గోడ పగలగొట్టినా ఇది కదలదేమిటని ఆయనకి తల కొట్టేసినట్టయి ఉంటుంది. నా రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగారు. ఒళ్ళు లోపలికి పోయింది, కాళ్ళు బయటే ఉన్నాయి. కొత్త గడప మీద బోర్లా పడ్డాను. పెదవి చిట్లింది, మోకాలు పగిలింది, పాలన్నీ నేలపాలు.

ఊరంతా చూస్తుండగా గడప మీద పడి ఉన్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత దిమ్మెరపోయాను.

ఆ సాయంత్రమే పక్క వసారాలో మంచం వేశారు. వసారాకి గడప లేదు, అదే దాని గొప్ప. "ఇక ఇక్కడే ఉండు. అన్నీ ఇక్కడికే తెస్తాం. మళ్ళీ పడితే తుంటి విరుగుద్ది," అన్నారు మా ఆయన. ఆయన భయం ఆయనది. కానీ ఆ చోటు నాకు తెలుసు. మా అత్తగారు నాలుగేళ్ళు అక్కడే పడుకుని అక్కడే పోయింది. ఆ వసారాలో మంచమెక్కితే దిగడం ఉండదని నా భయం.

అత్తగారి సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పుడు నాకు ముప్పై దాటాయి. ఆవిడకి చేతులు వణికేవి, నడక తగ్గింది. మంచినీళ్ళు కావాలన్నా, పెరట్లోకి పోవాలన్నా పిలుపే. లేపి నిలబెడితే రెండడుగులు వేసి ఆగిపోయేది. ఇంటి పని, పొలం పని, పైన ఈవిడ పని. నాకు ఒళ్ళు మండిపోయేది. దానికి తోడు, నేను పెరట్లో రోట్లో కారం దంచుతుంటే మాత్రం ఆవిడ తనంతట తనే లేచి నడుచుకుంటూ వచ్చి రోలు పక్కన నిలబడేది. ఇంకేం కావాలి నాకు? "నీళ్ళ కుండ దగ్గరికి రాని కాళ్ళు నా మీద పెత్తనానికి వస్తాయా? ఎందుకీ నాటకాలు?" అని వాడకట్టంతా వినేలా అనేదాన్ని. ఆవిడది నాటకమని, వసారాలో నా మంచం వేసిన రోజు కూడా నేను నమ్ముతూనే ఉన్నాను.

2001, వేసవి చివర

పది నెలలు ఆ మంచంలో ఉన్నాను. తినడం, పడుకోవడం, ఈగలు తోలుకోవడం. నా నోరు కూడా మూతపడింది, మాట గొణుగుడైంది. పద్మ రోజూ నూనె రాసి కాళ్ళు పట్టేది. ఒకరోజు రాస్తూ రాస్తూ ఏడ్చింది, నేను చూడనట్టు పడుకున్నాను.

మిరపకాయలు యార్డుకి పోయాక మా ఇంటి పక్క కల్లం ఖాళీ అయింది. తొలి ఏకాదశికి ఆడవాళ్ళ కోలాటం పెడతామని కోటేశ్వరమ్మ సాయంత్రాలు అక్కడ నేర్పడం మొదలుపెట్టింది. కోటేశ్వరమ్మ అంగన్వాడీలో ఆయా, నా కంటే ఇరవయ్యేళ్ళు చిన్నది, గొంతు మైకు అక్కర్లేని గొంతు. మా నాన్న కోలాటం గురువు. ఆడపిల్లలు వీధిలో ఆడకూడని రోజులు కాబట్టి నేను అరుగు మీద కూర్చుని చూసే నేర్చుకున్నాను. ఒక్కో వరస అడుగులని కోపు అంటారు. నాన్న కోపులన్నీ నాకు వచ్చు, ఒక్కటీ ఆడింది లేదు.

మూడో రోజు దుప్పటి కింద నా కాలివేళ్ళు తాళం వేస్తున్నాయని పద్మే చూసింది. "పోయి చూద్దామా అత్తయ్యా?" అంది. తనూ ఇంకొకావిడా చెరో రెక్కా పట్టుకుని, ఇరవై గజాలు పావుగంటలో దాటించి, కల్లంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కోటేశ్వరమ్మ నా చేతిలో కోలలు పెట్టింది. "కూర్చునే వెయ్యి పెద్దమ్మా," అంది. కూర్చునే వారం రోజులు వేశాను.

ఆ తర్వాత ఒకరోజు ఒకావిడ రాలేదు. కోలాటానికి జంట కుదరాలి, ఒక్కరు తగ్గితే వరసంతా చెడుతుంది. కోటేశ్వరమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"లే పెద్దమ్మా."

"నీకు మతిపోయిందా? పడతాను."

"నేనుండగా ఎట్టా పడతావు? కాళ్ళ సంగతి చూడమాక. నా కోలకి నీ కోల తగిలించు, అంతే."

లేపారు. పద్మ నా వెనకే చేతులు చాపుకుని నిలబడింది. తాళం మొదలైంది. ఠక్కుమని ఆవిడ కోల, ఠక్కుమని నా కోల. మూడో దెబ్బకి నా కుడికాలు లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. వెనక్కి ఒకటి, పక్కకి ఒకటి, తిరుగు. ఎదురుగా ఇంకొకావిడ, ఆవిడ కోలకి కోల, మళ్ళీ తిరుగు. చుట్టూ కల్లం తిరుగుతోంది. పది నెలలుగా మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి కూడా పోలేని మనిషిని వరసలో ఒక చుట్టంతా తిరిగొచ్చాను. పాట ఆగింది. నా కాళ్ళూ అక్కడే ఆగిపోయాయి. ఇంకొక్క అడుగు రాలేదు. ఇద్దరు పట్టుకుని కుర్చీలో కూలేశారు.

పద్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. సంతోషమని చెప్పలేను. నా కాళ్ళు నావి కావేమోనని భయపడ్డాను.

కబురు నాకంటే ముందు ఇంటికి చేరింది. మా ఆయన వసారాలో నిలబడి ఉన్నారు.

"మంచం దిగలేనిదానివి కల్లంలో ఎగిరొచ్చావా? నీ కోసం గోడ పగలగొట్టాను నేను. ఇన్నాళ్ళూ మాతో నాటకమాడావటే?"

ఆ మాట నాకు బాగా తెలుసు. ఆ వసారాలో, ఆ చోటే నిలబడి, మంచంలో ఉన్న మనిషితో ఆ మాట అన్నది ఇదివరకు నేనే.

2001, తొలకరి

ఆ వారమే గుంటూరు వెళ్ళాం. మా ఆయన కుర్చీలో కూర్చోకుండానే అడిగేశారు. "నడవలేని మనిషి కోలాటం ఎట్టా వేస్తదండీ? ఇది జబ్బేనా?"

డాక్టరు గారు నవ్వలేదు. "జబ్బేనండీ. అడుగు వెయ్యి అని లోపలి నుంచి చెప్పేది ఈ జబ్బులో తప్పిపోతుంది. బయట నుంచి తాళం అందితే కాళ్ళు దాన్ని పట్టుకుంటాయి. గీత కనిపించినా, మెట్టు కనిపించినా కొందరికి అంతే. నటన కాదు. లాగకండి, తోయకండి, అరవకండి. కోలాటం వేయనివ్వండి, పక్కన మనిషి ఉండాలి, మాత్రలు మానకూడదు."

పొన్నూరాయన మెట్లు నాకు గుర్తొచ్చాయి. ఆ పెద్దాయన గురించి నేను లోపల అనుకున్న మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నన్ను వసారా వైపు తీసుకుపోతారనుకున్నాను. తీసుకుపోలేదు. కొత్త గుమ్మం ముందు నిలబెట్టి, పద్మని పక్కన ఉండమని, తను పెరట్లోకి వెళ్ళారు. నేను గడపని చూస్తూ బిగుసుకుపోయి నిలబడ్డాను. లోపల నుంచి చప్పుడు మొదలైంది. ధప్. ధప్. ధప్. పాత రోకలి. మిక్సీలూ కారం మరలూ వచ్చాక మూలన పడేసిన రోకలితో ఆయన ఉత్త రోలు దంచుతున్నారు.

రెండు దెబ్బలు విన్నాను. మూడో దానికి కుడికాలు లేచి గడప దాటింది. నాలుగో దానికి ఎడమకాలు. హాల్లోంచి, వంటింట్లోంచి, పెరటి గుమ్మం కూడా దాటి, దెబ్బకో అడుగు వేసుకుంటూ వెళ్ళి రోలు పక్కన నిలబడ్డాను.

ఆయన రోకలి ఆపారు. నన్ను చూశారు, నేను నిలబడిన చోటు చూశారు. రోకలి ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డారు.

"మా అమ్మ కూడా ఇట్టాగే వచ్చేది గదే," అన్నారు. "నువ్వు కారం దంచేటప్పుడు. సరిగ్గా ఇక్కడికే వచ్చేది."

ఆయన నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి తలపాగా గుడ్డలో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ నా మీద పెత్తనానికి రాలేదు. నా రోకలి పోటు ఆవిడని నడిపించింది. నాలుగేళ్ళు నా చేతిలోనే ఉంది ఆవిడ నడక. ఆవిడ నడిచిన ప్రతిసారీ నేను తిట్టాను, తిట్టు పడలేక కొన్నాళ్ళకి రావడం మానేసింది.

2007, ఇప్పుడు

నాకిప్పుడు అరవై తొమ్మిది. జబ్బు పోలేదు, మాత్రలు పెరిగాయి, రెండుసార్లు పడ్డాను కూడా. కానీ వసారాలో మంచం లేదు, అక్కడ మిరప బస్తాలున్నాయి. వారానికి మూడు సాయంత్రాలు కల్లానికి పోతాను. ఆడిన రోజు నిద్ర పడుతుంది, మాట స్పష్టంగా వస్తుంది, తిట్లు కూడా బాగా వస్తున్నాయని పద్మ అంటుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, మొగుడు పోయి దిగులుపడ్డవాళ్ళు, నాలాంటి ముసలివాళ్ళు, మొత్తం ఆరుగురం చేరాం. కోటేశ్వరమ్మ మాకోసం కోపులు నెమ్మది చేసింది. డాక్టరుని అడగకుండా మొదలుపెట్టకండి, పక్కన మనిషి లేకుండా ఆడకండి. మీ ఇంట్లో ఒకప్పుడు నడిచి ఒకప్పుడు నడవలేని మనిషి ఉంటే మాత్రం, నేనన్న మాట మీరు అనకండి.

గడప దగ్గర రోకలి ఉంటుంది. పొద్దున్నే మా ఆయన మూడు దెబ్బలు వేస్తారు, నేను దాటుతాను. దాటిన ప్రతిసారీ మా అత్తగారు గుర్తొస్తుంది. "నాటకం కాదమ్మాయ్," అని ఆవిడ నాతో ఒకసారి చెప్పింది. ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పే ధైర్యం ఆవిడకి నేను మిగల్చలేదు.